డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటే చాలదు: మన ఆఫీసులకు ప్యాచ్ మేనేజ్‌మెంట్ ఏది తీసుకోవాలి?

గుంటూరు అరండల్‌పేటలో హెడ్డాఫీసు, ఊరి బయట రెండు కోల్డ్ స్టోరేజీలు, విజయవాడలో ఒక బ్రాంచి, అన్నీ కలిపి 85 కంప్యూటర్లు, మూడు సర్వర్లు. ప్యాచ్ మేనేజ్‌మెంట్‌కి, అంటే సాఫ్ట్‌వేర్లలోని లోపాలను సరిచేసే అప్‌డేట్లు (ప్యాచ్‌లు) అన్ని కంప్యూటర్లలోనూ పడేలా చూసే సాఫ్ట్‌వేర్‌కి, ముగ్గురు వెండర్లు కొటేషన్లు ఇచ్చారు, మూడూ ఒకేలా కనపడుతున్నాయి, ఏది తీసుకోవాలో తెలియడం లేదు. పైగా "విండోస్ దానంతటదే అప్‌డేట్ అవుతుంది కదా, మళ్ళీ దీనికి డబ్బులెందుకు" అని ఓనరు గారు అడుగుతున్నారు. ఇదీ మీ ప్రశ్న. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఉంటూ చాలా ఏళ్ళుగా ఇలాంటి ఆఫీసుల నెట్‌వర్కులే చూసుకుంటున్నా కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మూడు కొటేషన్లూ ఒకేలా ఉండటంలో వింతేమీ లేదు. ప్యాచ్ వెతకడం, దించడం, వేయడం, రిపోర్టు ఇవ్వడం, ఈ నాలుగూ అందరూ చేస్తారు. అసలు తేడా తెలిసేది ప్యాచ్ పడనప్పుడే. ఏ మెషీన్‌లో పడలేదు, ఎందుకు పడలేదు, ఎన్నాళ్ళ నుంచి పడలేదు అన్నది దాచకుండా, తిప్పకుండా చూపించే సాఫ్ట్‌వేర్ కొనండి. మిగతా ఫీచర్లన్నీ ఆ తర్వాతే.

ముందు ఓనరు గారి సంగతి చూద్దాం. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ ఉంటే విండోస్ దాని పని అది చూసుకుంటుంది. 85 ఉన్నచోట మాత్రం 70 అప్‌డేట్ అవుతాయి, మిగతా పదిహేను ఏవో ఎవరికీ తెలియదు, దెబ్బ వాటిమీదే పడుతుంది. ఆయనకు వానాక్రై గురించి చెప్పండి, విండోస్‌లోని ఒక లోపం పట్టుకుని కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బులు అడిగిన వైరస్ అది. ఆ లోపానికి ప్యాచ్ 2017 మార్చి 14నే మైక్రోసాఫ్ట్ ఇచ్చేసింది, దాడి జరిగింది మే 12న. దాదాపు రెండు నెలలు ప్యాచ్ చేతిలోనే ఉంది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అందులో చిక్కుకున్నాయి. ప్యాచ్ వేసుకున్న మెషీన్ల జోలికి ఆ పురుగు పోలేకపోయింది, వేసుకోని ఒక్కటి దొరికితే మాత్రం దాన్నుంచి నెట్‌వర్క్ మొత్తం వెతుక్కుంటూ పోయింది.

రెండో సగం ఇంకా ముఖ్యం. విండోస్ అప్‌డేట్ చూసుకునేది మైక్రోసాఫ్ట్ సరుకునే. మీ ఆఫీసులో క్రోమ్ ఉంటుంది, అడోబీ రీడర్ ఉంటుంది, ఎనీడెస్క్ ఉంటుంది, జావా ఉంటుంది, విన్‌రార్ అయితే లేని ఆఫీసు మన వైపు నేను చూడలేదు. ఈ విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. 2023లో దానిలో ఒక లోపం బయటపడింది, జిప్ ఫైల్లో ఉన్న ఫొటో చూద్దామని డబుల్ క్లిక్ చేస్తే లోపల దాచిపెట్టిన వైరస్ రన్ అయ్యేది. ఆగస్టులో 6.23 వెర్షన్‌తో సరిచేశారు, 2025లో మళ్ళీ ఇంకో తీవ్రమైన లోపం. కొనుగోలుదారులు పంపే ఇన్‌వాయిస్ జిప్ ఫైళ్ళు రోజంతా తెరిచే గుమస్తా మెషీన్‌లో ఏ వెర్షన్ ఉందో ఒక్కసారి చూసి రండి, ఓనరు గారికి ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటి చూపించినా చాలు.

అందుకే కొటేషన్‌లో మొదట చూడాల్సింది మైక్రోసాఫ్ట్ కాని సాఫ్ట్‌వేర్లు ఎన్నింటిని కవర్ చేస్తుందన్నది. "800కు పైగా అప్లికేషన్లు" అని అంకె చూపిస్తారు, ఆ అంకెతో మనకేం పని? మీరు వాడే పాతిక పేర్లు రాసి పంపండి, ఒక్కోదాని పక్కన అవును, కాదు అని టిక్ పెట్టి పంపమనండి. ట్యాలీ, జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకానికి వాడే ఈఎమ్‌సైనర్, డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి డీఎస్సీ టోకెన్ డ్రైవర్లు, ఇవి చాలావాటి లిస్టులో ఉండవు. లేకపోతే తప్పేం లేదు, సొంతంగా ప్యాకేజీ తయారుచేసి పంపే వీలుందా అని అడగండి. దీనికి తిరగేసిన సమస్య ఒకటుంది: కొన్ని టెండర్ సైట్ల కోసం పాత జావానే పట్టుకుని కూర్చున్న మెషీన్ ఎక్కడో ఒకటి ఉంటుంది. కొత్త టూల్ ఉత్సాహంగా దాన్ని అప్‌డేట్ చేసేస్తుంది, మర్నాడు టెండర్ ఆఖరు తేదీ. కాబట్టి ఫలానా గ్రూపులో ఫలానా సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దు అని చెప్పే సౌకర్యం ఉండి తీరాలి.

ఇప్పుడు కొటేషన్లు పక్కన పెట్టి ఒక ఎక్సెల్ షీటు తెరవండి. 85 అన్నారు కదా, వాటిలో విండోస్ 11 ఎన్ని, 10 ఎన్ని, 7 ఎన్ని, హోమ్ ఎడిషన్ ఎన్ని, ప్రో ఎన్ని, ర్యామ్ ఎంత, ఎక్కడ ఉంది, ఎవరు వాడుతున్నారు. ఇది లేకుండా ఏ వెండర్‌తో మాట్లాడినా వాళ్ళు చెప్పిందే వేదం అవుతుంది. కోల్డ్ స్టోరేజీ కాటా గదిలో వేబ్రిడ్జికి తగిలించిన మెషీన్ తప్పకుండా విండోస్ 7 అయి ఉంటుంది, పందెం. దానికి సపోర్టు 2020 జనవరి 14తోనే అయిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఈ ముక్క కొటేషన్‌లో ఎవరూ రాయరు. ప్యాచ్ తయారుచేసేది మైక్రోసాఫ్ట్, ఈ సాఫ్ట్‌వేర్లు దాన్ని మోసుకొచ్చి వేస్తాయంతే. అక్కడ ప్యాచ్ రావడమే ఆగిపోతే ఎంత ఖరీదైన టూల్ కొన్నా "మిస్సింగ్ ప్యాచెస్ సున్నా" అని పచ్చరంగులో చూపిస్తుంది, ఎందుకంటే వేయడానికేమీ లేదు! కాలం చెల్లిన ఓఎస్‌ని ఎర్రగా చూపిస్తుందా లేదా అని డెమోలో అడిగి చూడండి, కొందరు వెండర్లు నీళ్ళు నములుతారు.

విండోస్ 10 మెషీన్లు ఎక్కువ ఉంటే పొడిగింపు సపోర్టు కొనుక్కోవచ్చు. కంపెనీలకు మొదటి ఏడాది మెషీనుకు 61 డాలర్లు, ఏటా రెట్టింపు, ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు. లెక్క వేసుకుంటే పాత మెషీన్ మీద అంత పెట్టేకంటే మార్చేయడమే నయమని చాలాచోట్ల తేలుతుంది. ఇక క్రాక్ చేసిన విండోస్ ఉంటే అది ముందు తేల్చుకోండి, యాక్టివేటర్ పేరుతో యాంటీవైరస్ ఆపేసి ఏదో ఎక్కించిన మెషీన్‌కి నెలనెలా ప్యాచ్ వేసి ఏం లాభం.

ఏ రకాలు ఉన్నాయో గబగబా చెప్తాను. డబ్ల్యూఎస్‌యూఎస్ అని విండోస్ సర్వర్‌తోపాటు ఉచితంగా వచ్చేది ఒకటి ఉంది. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు మాత్రమే, అదీ ప్రో, ఆపై ఎడిషన్లకే. ఇకమీద దానికి కొత్త ఫీచర్లు చేర్చేది లేదని 2024 సెప్టెంబరులో ప్రకటించారు, 2025 అక్టోబరులో దానిలోనే తీవ్రమైన లోపం బయటపడి అత్యవసరంగా ప్యాచ్ ఇచ్చారు. ఇప్పటికే ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు, కొత్తగా మొదలుపెట్టొద్దంటాను. మీ కంపెనీకి మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం ఉంటే అందులో కంప్యూటర్లను దూరం నుంచే నిర్వహించే ఇన్‌ట్యూన్ ఉంటుంది, విండోస్ వరకు దానితోనే నడిపేయొచ్చు, బయటి సాఫ్ట్‌వేర్ల దగ్గర మాత్రం చేతిపని ఎక్కువ. మన చెన్నై వాళ్ళ మేనేజ్ఇంజిన్ ఉంది, సొంత సర్వర్‌లో పెట్టుకునేదీ క్లౌడ్‌దీ రెండూ దొరుకుతాయి, చిన్న ఆఫీసులకు ఉచిత ఎడిషన్ కూడా ఉంది, మన ప్రాంతంలో దాని మీద చేయి తిరిగినవాళ్ళు దొరుకుతారు, అది చిన్న విషయం కాదు. యాక్షన్1 అని పూర్తిగా క్లౌడ్ మీద నడిచేది, మొదటి 200 మెషీన్ల వరకు ఉచితం, అంటే మీ 85 అందులో పట్టేస్తాయి. సెక్రైట్ యాంటీవైరస్ ఇప్పటికే ఉంటే దానిలోనూ ప్యాచ్ మేనేజ్‌మెంట్ ఉంటుంది, అన్ని ఎడిషన్లలో కాదు, మీ లైసెన్సు ఏదో చూసుకోండి. నింజావన్ లాంటివి రిమోట్ సపోర్టు, మానిటరింగ్ అన్నీ కలిపి ఇస్తాయి, ఐటీ సర్వీసు కంపెనీలకు అనువైనవి, ఒక్క ఆఫీసుకు అంత అవసరమా అన్నది మీరు ఆలోచించుకోవాలి.

క్లౌడా, సొంత సర్వరా అన్నదాంట్లో నా ఓటు మీకు క్లౌడ్‌కే. కారణం నాలుగు చోట్ల మీ మెషీన్లు ఉన్నాయి, రెండు మూడు ల్యాప్‌టాప్‌లు మిర్చి యార్డుకీ ఇంటికీ మధ్య తిరుగుతూ ఫోన్ హాట్‌స్పాట్ మీద బతుకుతుంటాయి. హెడ్డాఫీసులో సర్వర్ పెడితే వాటిని పట్టుకోవడం కష్టం, పైగా ఆ సర్వర్‌కి కరెంటు, యూపీఎస్, బ్యాకప్, దాని ప్యాచ్‌లు, అదో సంసారం. క్లౌడ్‌లో ఒక చిక్కుంది. ప్రతి మెషీనూ నేరుగా ఇంటర్నెట్ నుంచి దించుకుంటే కోల్డ్ స్టోరేజీలో ఉన్న లైను చచ్చిపోతుంది. ఒక నెల ప్యాచ్ ఒక జీబీ అనుకోండి, 20 ఎంబీపీఎస్ లైనులో ఒక మెషీన్‌కి ఏడు నిమిషాలు, అదే 20 మెషీన్లు విడివిడిగా లాగితే రెండుంపావు గంటల సేపు లైను నిండిపోయి ఉంటుంది, ఈలోపు గేటు దగ్గర లారీ నిలబెట్టి ఈ-వే బిల్లు రావడం లేదని మీకు ఫోన్లు. ఒక మెషీన్ దించుకుని మిగతావాటికి లోపల లాన్‌లో పంచే పద్ధతి ఉందా, ఉంటే దానికి విడిగా డబ్బులా అని అడగండి.

ఇక అసలు పరీక్ష. డెమోకి వెండర్ తన ల్యాప్‌టాప్ తెస్తాడు, అందులో అన్నీ చక్కగా పనిచేస్తాయి. అది కాదు, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మొండి మెషీన్లు నాలుగు ఇవ్వండి: నాలుగు జీబీ ర్యామ్‌తో పాత హార్డ్ డిస్కు మీద మూలుగుతున్నది ఒకటి, అకౌంటెంట్ ట్యాలీ మెషీన్ ఒకటి, తిరిగే ల్యాప్‌టాప్ ఒకటి, నెలకు నాలుగు రోజులే ఆన్ చేసేది ఒకటి. ఒక నెల ట్రయల్ నడపనివ్వండి, మధ్యలో ఒక ప్యాచ్ ట్యూజ్‌డే (మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు ఇచ్చే రోజు) తప్పకుండా రావాలి. ప్యాచ్ దిగుతుండగా ఒకదానికి కావాలనే నెట్ పీకేయండి. తర్వాత కన్సోల్‌లో, అంటే టూల్ అడ్మిన్ స్క్రీన్‌లో, ఏం కనపడుతుందో చూడండి. "ఫెయిల్డ్" అని ఎర్రర్ నంబరుతో సహా చూపించి మళ్ళీ తనే ప్రయత్నిస్తే మంచిది. వారం తర్వాత కూడా "పెండింగ్" అనే ఉంటే ఆ కొటేషన్ మడిచి పక్కన పెట్టండి.

ఇక్కడే ఇంకో మాయ. ప్యాచ్ దిగింది, పడింది, రీస్టార్ట్ అవ్వలేదు. రీస్టార్ట్ అడిగే ప్యాచ్ ఆ పని అయ్యేదాకా పూర్తిగా అమల్లోకి రాదు, కానీ కొన్ని టూల్స్ దీన్ని కూడా "ఇన్‌స్టాల్డ్" లెక్కలో కలిపి 97 శాతం అని పైన పెద్దక్షరాల్లో వేస్తాయి. మన ఆఫీసుల్లో సాయంత్రం అందరూ షట్‌డౌన్ చేసే వెళ్తారు కదా అంటారేమో. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి సిస్టమ్ మొత్తం మూసుకోదు, సగం నిద్రపోయి పొద్దున అక్కడి నుంచే లేస్తుంది, రీస్టార్ట్ కోసం ఆగిన ప్యాచ్ అలాగే ఆగి ఉంటుంది. రోజూ ఆఫ్ చేసే మెషీన్‌లో "టాస్క్ మేనేజర్" తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద అప్‌టైమ్ చూడండి, 23 రోజులు, 40 రోజులు అని ఉంటుంది, అకౌంటెంట్ గారు "నేను రోజూ ఆపుతున్నానండీ" అని మొత్తుకుంటారు, ఆయన చెప్పేది నిజమే. కాబట్టి రీస్టార్ట్ బాకీ ఉన్న మెషీన్లను విడిగా చూపించాలి, వాడేవాళ్ళకు తెలుగులోనో సులువైన ఇంగ్లీషులోనో మన సొంత మెసేజ్ పెట్టుకునే వీలుండాలి, రెండుసార్లు వాయిదా వేయనిచ్చి మూడోసారి బలవంతంగా చేసేలా ఉండాలి.

టైమింగ్ గురించి ఎవరూ మనకు తగ్గట్టు చెప్పరు, కాబట్టి ఇది కాస్త శ్రద్ధగా చదవండి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, మన టైము ప్రకారం రాత్రి పదిన్నర లేదా పదకొండున్నరకు, అంటే మనకు బుధవారం కిందే లెక్క. రెండో మంగళవారం ఎప్పుడూ 8వ తేదీకీ 14వ తేదీకీ మధ్యే పడుతుంది. జీఎస్టీ నెలవారీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కి గడువు 11, 3బీకి 20. చూశారా, సరిగ్గా అకౌంట్స్ వాళ్ళు తల పైకెత్తలేని వారంలోనే ప్యాచ్‌లు దిగుతాయి. టూల్‌ని "వచ్చిన వెంటనే అందరికీ" అని వదిలేస్తే మీ మీద పడే తిట్లు నేను రాయలేను. మీరు చేయాల్సింది: బుధవారం ఒక ఆరు మెషీన్ల చిన్న గ్రూపుకి పంపండి, అందులో ప్రింటర్ షేర్ చేసేది ఒకటి, ట్యాలీ ఉన్నది ఒకటి, డీఎస్సీ వాడేది ఒకటి ఉండాలి, 11వ తేదీ లోపల పడితే ఆ డీఎస్సీ మెషీన్‌ని రిటర్న్ అయ్యాక చేర్చండి. మూడు నాలుగు రోజులు చూసి ఆదివారం మిగతావాటికి. అకౌంట్స్ గ్రూపు 21న. సర్వర్లు ఎప్పుడూ ఆటోమేటిక్‌లో పెట్టొద్దు, బ్యాకప్ తీసి, ఎదురుగా మనిషి కూర్చుని చేయాలి. సర్వర్ ఓఎస్ మార్చడం లాంటి పెద్ద పనులు సీజన్‌లో తలపెట్టకండి, వేసవిలో మిర్చి యార్డుకి సెలవులిచ్చినప్పుడు పెట్టుకోండి, మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగని రోజుల్లో సర్వర్ రెండు గంటలు ఆగినా అడిగేవాడుండడు.

ప్రింటర్ మెషీన్ ఎందుకన్నానంటే, 2021 సెప్టెంబరు ప్యాచ్‌ల తర్వాత షేర్ చేసిన ప్రింటర్లకు కనెక్ట్ అవ్వబోతే చివర 11బి అని ఎర్రర్ వచ్చి ప్రింట్లు ఆగిపోయాయి, ప్రపంచమంతా ఇదే గోల. అదే ఏడాది మార్చిలో అయితే కొన్ని కంపెనీల ప్రింటర్లకు ప్రింట్ కొడితే బ్లూ స్క్రీన్. అందరికీ ఒకేసారి పంపడం ఎంత దూరం పోతుందో 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ చూపించింది. అది విండోస్ ప్యాచ్ కాదు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, అయితేనేం, 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, ఎయిర్‌పోర్టుల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. కాబట్టి గ్రూపులుగా విడగొట్టి పంపే సౌకర్యం, వేసిన ప్యాచ్‌ని వెనక్కి తీసే సౌకర్యం రెండూ చూసుకోండి. వెనక్కి తీయడం ప్రతి ప్యాచ్‌కీ కుదరదు, అందుకే బ్యాకప్ అన్నాను.

అలాగని ప్రతిదీ 21 దాకా ఆపొద్దు. దొంగలు ఇప్పటికే వాడుతున్న లోపాల జాబితా ఒకటి అమెరికా సైబర్ సంస్థ సీసా ఉచితంగా పెడుతుంది, మన కేంద్ర ప్రభుత్వ సైబర్ సంస్థ సెర్ట్-ఇన్ కూడా హెచ్చరికలు ఇస్తుంది. ఆ జాబితాలోది ఏదైనా మీ దగ్గర ఉంటే జీఎస్టీ వారమైనా సరే, చిన్న గ్రూపులో ఒక పూట చూసి, రెండు రోజుల్లో అందరికీ వేసేయాల్సిందే. కొన్ని టూల్స్ ఆ జాబితాని కన్సోల్‌లోనే గుర్తు పెట్టి చూపిస్తాయి, చాలా ఉపయోగం. ఏదైనా సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 నుంచి నిబంధన ఉంది, అప్పుడు ఏ మెషీన్ ఏ స్థితిలో ఉందో పాత రిపోర్టు తీయగలగాలి, చరిత్ర ఎన్ని నెలలు దాస్తుందో అడగండి.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు మాత్రం టెక్నికల్‌ది కాదు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకున్న వెండర్ అడ్మిన్ అకౌంటు తన సొంత జీమెయిల్‌తో తెరుస్తాడు, ఓటీపీ వాళ్ళ కుర్రాడి ఫోన్‌కి పోతుంది, ఆ కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతాడు. ఈ సాఫ్ట్‌వేర్ అంటే మీ ప్రతి కంప్యూటర్‌లోనూ అడ్మిన్ హక్కులతో ఏదైనా ఎక్కించగల తాళంచెవుల గుత్తి. 2021 జులైలో కసేయా అనే ఇలాంటి రిమోట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోని లోపం పట్టుకునే రాన్సమ్‌వేర్ ముఠా (ఫైళ్ళకు తాళం వేసి డబ్బులు గుంజేవాళ్ళు) ఒకటి దాని ద్వారా సుమారు 1,500 వ్యాపారాల దాకా దెబ్బకొట్టింది. అకౌంటు మీ కంపెనీ డొమైన్ మెయిల్‌తో ఉండాలి, రెండంచెల లాగిన్ తప్పనిసరి, వెండర్‌కి విడిగా యూజర్ ఇవ్వండి, ఎవరు ఎప్పుడు ఏం చేశారో లాగ్ ఉండాలి. దీనికి ఒప్పుకోని వెండర్‌తో ఇక రేటు మాట్లాడే పని లేదు.

రేటు సంగతి క్లుప్తంగా: మెషీన్ లెక్కనా, వాడే టెక్నీషియన్ లెక్కనా, సర్వర్లకు వేరే ధరా, రెండో ఏడాది ఎంత, డాలర్లలోనా రూపాయల్లోనా, 18 శాతం జీఎస్టీ కలిపేనా. మొదటి ఏడాది డిస్కౌంటు చూపించి రెన్యువల్‌లో రాబట్టుకోవడం మామూలే కాబట్టి మూడేళ్ళ మొత్తం రాయించుకుని పోల్చండి.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానంటే, ఈ నెల యాక్షన్1, మేనేజ్ఇంజిన్ క్లౌడ్, రెండింటినీ చెరో నాలుగు మొండి మెషీన్ల మీద పెడతాను. ఒకే మెషీన్‌లో రెండూ వద్దు, కొట్టుకుంటాయి. విజయవాడలోనో గుంటూరులోనో పిలిస్తే మనిషి రావాలి అనుకుంటే రెండోదానికి మొగ్గుతాను, మీకే చేతనవును, ఇంగ్లీషులో సపోర్టు మెయిల్ రాసుకోగలను అనుకుంటే మొదటిదానికి డబ్బులు పెట్టే పనే లేదు, ఆ మిగిలినదాంతో విండోస్ 10 మెషీన్లు కొన్ని మార్చేయొచ్చు. రౌటర్లు, సీసీటీవీ రికార్డర్ (ఎన్‌వీఆర్), బయోమెట్రిక్ వీటిని ఏ టూలూ పెద్దగా పట్టించుకోదు, వాటి లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మూడు నెలలకోసారి మీరే చూసుకోవాలి.

కాటా గదిలో విండోస్ 7 మెషీన్‌కి ఇంటర్నెట్ తీసేయండి, స్విచ్‌లో విడి వీల్యాన్‌లో (మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుచేసిన భాగంలో) పెట్టి ట్యాలీ సర్వర్‌తో అవసరమైన ఒక్క దారి మాత్రం ఉంచండి, పెన్‌డ్రైవ్ పోర్టులు మూసేయండి, వేబ్రిడ్జి కంపెనీని విండోస్ 11కి సరిపోయే వెర్షన్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. మీ ముగ్గురు వెండర్లకూ పైన రాసిన ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో పెట్టి పంపండి, జవాబు ఫోన్‌లో చెప్తామంటే వద్దనండి, మెయిల్‌లోనే కావాలనండి. జవాబులు వచ్చాక రేట్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.